మర్యాదల మీద కామిక్ స్ట్రిప్‌లు: శ్రీకాకుళం, విజయనగరం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో, బస్సుల్లో, పెళ్ళిళ్లలో రోజూ కనిపించే మర్యాదల మీద నవ్వించే స్ట్రిప్‌లు వేయాలని ఉత్సాహపడేవాళ్లు మనవైపు బాగానే ఉన్నారు. నేను విజయనగరంలో ఉంటాను. ఇలాంటివి వేస్తాను, పిల్లలకూ పెద్దలకూ నేర్పిస్తాను. కొత్తగా వచ్చేవాళ్లందరూ ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచీ చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

మర్యాదల మీద స్ట్రిప్ అంటే "ఇలా చేయకూడదు" అని చెప్పే నీతిబొమ్మేనా?

కాదు. "చెప్పులు బయట విడవండి" అని రాస్తే అది బోర్డు అవుతుంది. గృహప్రవేశానికి వచ్చి, గుమ్మం ముందు చెప్పుల గుట్టలో తన జత వెతికి వెతికి, చివరికి ఒక కాలికి తనదీ ఇంకో కాలికి ఎవరిదో వేసుకుని ఆటో ఎక్కేసిన పెద్దాయన్ని గీస్తే స్ట్రిప్ అవుతుంది. చూసినవాళ్లు ముందు నవ్వాలి. ఆ తర్వాత "ఇది మా ఇంట్లోనూ జరిగిందే" అనుకోవాలి. మారతారా లేదా అన్నది వాళ్ల ఇష్టానికి వదిలేయండి. చివరి గడిలో ఒక మంచిమాట రాయాలని చేయి లాగుతుంటే ఆ గడి మొత్తం కొట్టేయండి, మూడు గళ్లతోనే సరిపోయిందని మీకే తెలుస్తుంది.

కార్టూన్‌కీ కామిక్ స్ట్రిప్‌కీ తేడా ఏమిటి? నేను ఏది వేయాలి?

కార్టూన్‌లో ఒక్క క్షణమే ఉంటుంది, స్ట్రిప్‌లో కాలం నడుస్తుంది. మర్యాదల విషయానికి స్ట్రిప్పే బాగా కుదురుతుంది, ఎందుకంటే మొహమాటం ఒక్కసారిగా రాదు, మెల్లగా పెరుగుతుంది. "వద్దండీ" అని మొదటి గడి. "అయ్యో, ఒక్కటి తీసుకోండి" అని రెండోది. "అబ్బే, ఇప్పుడే తిన్నాను" అని మూడోది. నాలుగో గడిలో పళ్లెం లోపలికి వెళ్లిపోతుంటే అతిథి కళ్లు దాని వెంటే వెళ్తాయి. ఇదంతా ఒక్క బొమ్మలో ఇరికించలేం.

ఇలాంటివి ఇదివరకు ఎవరైనా వేశారా? చూసి నేర్చుకోవడానికి ఏమున్నాయి?

చాలా ఉన్నాయి. 1901లో అమెరికా పత్రికల్లో ఫ్రెడరిక్ బర్ ఆపర్ అల్ఫాన్స్, గాస్టన్ అనే ఇద్దరు ఫ్రెంచి పెద్దమనుషులతో స్ట్రిప్ మొదలుపెట్టాడు. "ముందు మీరు" అంటే "కాదు కాదు, ముందు మీరు" అని ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకుంటూ ఉండగానే ఏదో ఒక ముప్పు మీద పడుతుంది. మర్యాద తక్కువైతేనే కాదు, ఎక్కువైనా నవ్వు వస్తుందని దీన్ని చూసి నేర్చుకోవచ్చు. 1929లో మొదలైన జిమ్మీ హాట్లో బొమ్మలకు ఐడియాలు పాఠకులే పంపేవాళ్లు. ఐడియా పంపినవాళ్ల పేరు వేసి, టోపీ ఎత్తి థాంక్స్ చెప్పడం ఆయన పద్ధతి. జపాన్‌లో టోక్యో మెట్రో 2008 నుంచి నెలకో పోస్టర్ చొప్పున రైల్లో ప్రవర్తన మీద బున్‌పేయ్ యోరిఫుజి చేత బొమ్మలు వేయించింది. పసుపు, నలుపు, తెలుపు రంగులంతే. "ఇది ఇంట్లో చేసుకోండి" అన్న మాటతో ఆ వరస మొదలైంది.

మన దగ్గర తొలి తెలుగు కార్టూనిస్టుగా తలిశెట్టి రామారావుని చెప్పుకుంటాం. ఆయన పుట్టినరోజు మే 20నే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుతారు. విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి కార్టూన్లు దొరికితే వదలకండి. మగవాళ్లే నిండిపోయిన రంగంలో ఒక ఆడమనిషి చూపు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

నాకు బొమ్మలు వేయడం రాదు. పుల్ల మనుషులతో స్ట్రిప్ వేస్తే నవ్వుతారా?

వేయండి. మర్యాద ఎక్కువగా ఒంట్లో కనిపిస్తుంది: వంగిన నడుం, వెనక్కి తీసుకున్న చేయి, ఎటో చూస్తున్న తల. ఇవి పుల్ల మనిషితోనూ చూపించొచ్చు. ఒక్కటి మాత్రం నేర్చుకోండి, కనుబొమలు. రెండు చుక్కల కళ్ల మీద రెండు గీతలు ఏ వాలులో ఉన్నాయన్న దాన్ని బట్టి కోపం, మొహమాటం, ఆశ, అనుమానం అన్నీ పలుకుతాయి. ఒక కాగితం మీద ఒకే గుండ్రటి మొహం వరసగా గీసి, కనుబొమలు మాత్రం మారుస్తూ వెళ్లండి. సాయంత్రానికి మీకు ధైర్యం వచ్చేస్తుంది.

## విషయం ఎంచుకునేటప్పుడు

టాపిక్‌లు ఎక్కడ దొరుకుతాయి? రెండు స్ట్రిప్‌లు వేశాక ఏమీ తోచడం లేదు.

ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తోచవు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాళ్లను చూడండి. అదే సీట్లో అంతకుముందే అటుపక్క కిటికీలోంచి సంచి పడి ఉంటుంది. కర్చీఫ్‌కి హక్కా, సంచికి హక్కా? కండక్టరు ఏ తీర్పు చెప్పాడు? అక్కడే మీకు నాలుగు గళ్లు ఉన్నాయి. అరసవల్లిలో రథసప్తమి క్యూలో "మావాళ్లు ముందున్నారండీ" అంటూ జరిగిపోయే కుటుంబాన్ని చూడండి. మొదట ఒక్కడే జరుగుతాడు, అతని వెనక పదిమంది వస్తారు.

చుట్టాలు బయలుదేరేటప్పుడు జరిగేది నాకు చాలా ఇష్టమైన విషయం. "వెళ్లొస్తాం" అని లేచింది ఏడు గంటలకి. గుమ్మం దగ్గర ఒక కబురు, మెట్ల మీద ఇంకొకటి, గేటు దగ్గర అసలు కబురు. బండి స్టార్ట్ చేశాక పెళ్ళిసంబంధం సంగతి. గోడ గడియారాన్ని ప్రతి గడిలోనూ ఒక మూల గీస్తే చాలు, మాటలే అక్కర్లేదు.

పక్కింటి గిన్నె ఇంకొకటి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మనకో పట్టింపు. పిన్ని పులిహోర ఇచ్చింది, అమ్మ అదే గిన్నెలో అరిసెలు పెట్టి పంపింది, పిన్ని మళ్లీ అందులో ఏదో వేసింది. చివరి గడిలో ఇద్దరూ ఎవరి కిటికీ చాటున వాళ్లు నక్కి ఉంటారు, గిన్నె పిట్టగోడ మీద ఒంటరిగా ఉంటుంది. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ఇలాంటివి చూసిన వెంటనే ఒక్క వాక్యం రాసుకోండి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే అప్పుడన్న మాట గుర్తుండదు, సంగతి మాత్రమే గుర్తుంటుంది. నవ్వు ఎప్పుడూ ఆ మాటలోనే ఉంటుంది.

పెళ్ళిభోజనాల మీద జోకులు అరిగిపోయాయి కదా, మళ్లీ వేస్తే ఎవరు చూస్తారు?

అరిగిపోయింది జోకే, పెళ్ళిభోజనం కాదు. "తిండిపోతు చుట్టం" అని బొద్దుగా ఉన్న మనిషిని గీస్తే ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. బదులుగా బంతిలో తినేవాడి కుర్చీ వెనక నిలబడి, ఎప్పుడు లేస్తాడా అని ఎదురుచూసేవాళ్లను దగ్గర నుంచి చూడండి.

మొదటి గడిలో ఒకాయన సాంబారు కలుపుకుంటున్నాడు, కుర్చీ వీపు మీద వెనకవాడి చేయి పడింది. ఆ చేతినే పెద్దగా గీయండి. ఉంగరం ఉన్న వేలు ప్లాస్టిక్ కుర్చీ మీద టకటకమంటోంది. రెండో గడిలో వెనకాల ముగ్గురయ్యారు. ఒకావిడ చంకలో పిల్లాడు తినేవాడి అప్పడం వైపు చేయి చాచాడు. మూడో గడిలో వడ్డించే అబ్బాయి పెరుగు తెచ్చాడు, వెనకవాళ్ల మొహాలన్నీ ఒక్కసారి వెలిగాయి. నాలుగో గడిలో తిన్నాయన చేయి కడుక్కుని వచ్చి, వాళ్లావిడ కోసం పక్క వరసలో ఇంకో కుర్చీ వెనక నిలబడ్డాడు, చేయి దాని వీపు మీద వేసి. ఇందులో చెడ్డవాడంటూ ఎవరూ లేరు. ఇబ్బంది పడ్డవాడూ ఇబ్బంది పెట్టేవాడూ ఒక్కడే. అందుకే ఎవరికీ కోపం రాదు, అందరూ నవ్వుతారు.

"పెళ్ళెప్పుడు", "జీతమెంత", "లావయ్యావేటి" అని అడిగే పెద్దవాళ్ల మీద వేయొచ్చా? వాళ్లు నొచ్చుకోరా?

వేయొచ్చు, కానీ అడిగే మనిషిని రాక్షసిలా గీయకండి. ఆ ప్రశ్నలు చాలాసార్లు మాట కలపడానికే వస్తాయి. ఏం మాట్లాడాలో తెలియక, చిన్నప్పుడు తనని అడిగిన ప్రశ్నే ఆవిడా అడుగుతుంది. స్ట్రిప్‌లో ఆ సంగతి కనిపిస్తే బొమ్మకి లోతు వస్తుంది. అత్తయ్య "పెళ్ళెప్పుడమ్మా" అంటుంది. అమ్మాయి "మీ మోకాలి నొప్పి ఎలా ఉందత్తయ్యా" అంటుంది. అత్తయ్య మొహం విప్పారిపోతుంది. తర్వాతి గళ్లన్నీ మోకాలి గురించే. పెళ్ళి మాట మళ్లీ రాదు. ఇద్దరి పరువూ నిలబడింది.

పిల్లలు పుట్టలేదా అన్న ప్రశ్న మాత్రం వేరు. దాని వెనక ఎవరికి ఎంత బాధ ఉంటుందో బయటికి తెలియదు. ఆ ప్రశ్నతో వేసే స్ట్రిప్‌లో అడిగించుకున్న మనిషి నవ్వులపాలు కాకూడదు.

చావు ఇంటికి పలకరింపుకి వెళ్లినప్పటి సంగతులు నవ్వుకి పనికొస్తాయా?

దుఃఖంలో ఉన్నవాళ్లు నవ్వుకి పనికిరారు. పలకరించడానికి వెళ్లినవాడి తడబాటు పనికొస్తుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అతని ఫోన్‌లో మాస్ పాట మోగడం, జేబులోంచి ఫోన్ రాకపోవడం, లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదని గుర్తొచ్చి ఏమనాలో తెలియక చేతులు జోడించి నిలబడిపోవడం. ఆ ఇంటివాళ్లను ఈ స్ట్రిప్‌లో వెనక నుంచి గీయండి, మొహాలు చూపించొద్దు. ఊళ్లో ఈమధ్యే అలాంటిది జరిగి ఉంటే కొన్నాళ్లు ఆగండి.

సిరిమానోత్సవం, గుడి, జాతరల మీద వేస్తే గొడవ అవుతుందా?

అమ్మవారి మీద కాకుండా జనం మీద వేస్తే అవదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. సిరిమాను అంటే చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. ఆ ముందురోజు తొలేళ్లు అనే ఉత్సవం. ఆ రెండు రోజులూ విజయనగరంలో చుట్టాలు లేని ఇల్లు ఉండదు. ఉన్న మూడు మంచాలు ఎవరికి, ఎవరు కింద పడుకోవాలి, ఒకే బాత్రూం ముందు పొద్దున్నే వరస ఎలా ఉంటుంది, డాబా మీద నుంచి సిరిమాను కనిపించే ఇంటివాళ్లకు ఆరోజు ఎంతమంది కొత్త స్నేహితులు పుడతారు. ఇవన్నీ మర్యాదకి సంబంధించినవే. సిరిమాను కదిలే క్షణంలో అందరి ఫోన్లూ ఒక్కసారి పైకి లేస్తే, వెనకున్న ముసలమ్మకి ముందువాడి ఫోన్ స్క్రీన్‌లో మాత్రమే సిరిమాను కనిపిస్తుంది. ఆవిడ ఆ స్క్రీన్‌కే దండం పెట్టుకుంటుంది. ఆ గడిలో భక్తి పోలేదు, నవ్వూ ఉంది.

"పాతకాలం మర్యాదలు పోయాయి" అని ఒక సీరీస్ వేద్దామనుకుంటున్నాను, బాగుంటుందా?

ఏవి పోయాయో ముందు చూసుకోండి. పెద్దాయన ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటడం, హోటల్లో కొందరికి వేరే గ్లాసు పెట్టడం. వీటినీ ఒకప్పుడు మర్యాద అనే అన్నారు. అవి మర్యాదలు కావు, కులం పేరుతో సాగిన అవమానాలు. అవి పోవడం మంచిదైంది. ఇంట్లో అందరూ తిన్నాక చివరన ఆడవాళ్లు తినడం కూడా నా దృష్టిలో ఆ వరసలోదే. స్ట్రిప్ గీసేటప్పుడు కాఫీ ట్రే ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. ప్రతి స్ట్రిప్‌లోనూ అమ్మే తెస్తుంటే మీకు తెలియకుండానే మీరొక పాఠం చెబుతున్నట్టే. ఈసారి నాన్న చేతికి ఇవ్వండి, చుట్టాల మొహాలు ఎలా ఉన్నాయో తర్వాతి గడిలో గీయండి.

## మాటలు రాసేటప్పుడు

మన యాసలో రాయాలా, పుస్తకాల భాషలో రాయాలా?

మన మాటలోనే రాయండి. ఈ విషయంలో నాకు గట్టి పట్టుదల ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

సినిమాల్లో, టీవీ కామెడీల్లో శ్రీకాకుళం మాట ఎవరి నోట వినిపిస్తుంది? ఎక్కువగా అమాయకుడి నోట, పనివాడి నోట, లేదా నవ్వించడానికే పెట్టిన పాత్ర నోట. డాక్టరు, టీచరు, కలెక్టరు మాత్రం వేరే తెలుగు మాట్లాడతారు. మన పిల్లలు హైదరాబాద్ హాస్టల్లో దిగగానే "ఏటి" అన్న మాట మింగేసి "ఏంటి" అనడం నేర్చుకునేది ఇందుకే. మర్యాద గురించి స్ట్రిప్ వేస్తూ, అందులో అమర్యాదగా ఉండేవాడికి మాత్రమే యాస పెడితే అంతకన్నా అమర్యాద ఇంకొకటి లేదు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే: స్ట్రిప్‌లో అందరూ మన మాటే మాట్లాడాలి. డాక్టరమ్మ "ఏటమ్మా, మాత్రలు ఏసుకోలేదేటి?" అనాలి. బ్యాంకు మేనేజరు "కూర్చో బావూ, ఎప్పుడొచ్చినావు?" అనాలి. అప్పుడు నవ్వు యాస వల్ల రాదు, సందర్భం వల్ల వస్తుంది. స్ట్రిప్ బాగుందో లేదో చూసుకోవడానికి నేను ఇదే వాడతాను. బెలూన్‌లో మాటలను మామూలు తెలుగులోకి మార్చి చూస్తాను. నవ్వు పోయిందంటే అక్కడ జోకు లేదు, యాసను ఎగతాళి చేయడమే ఉంది.

స్పెల్లింగ్ సంగతి. ప్రతి మాటనూ పలికినట్టే రాస్తే చదవడం కష్టం. "ఎల్తన్నాను", "వచ్చినాను", "ఏటి", "అలగే" లాంటివి ఒక బెలూన్‌లో ఒకటి రెండు చాలు, మిగతాది చదివేవాళ్ల చెవి పూరించుకుంటుంది. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. గురజాడ మనుషులు మాట్లాడే మాటలతో రాసిన నాటకం 1892లో విజయనగరంలోనే ఆడారు. ఈ రెండు జిల్లాల్లో కూర్చుని బెలూన్‌లో పుస్తకాల భాష రాయాల్సిన అవసరం మనకి లేదు.

పాత్రలు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? "అంకుల్, ఆంటీ" అని రాస్తే తప్పా?

తప్పు లేదు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినవాళ్లు అలాగే పిలుచుకుంటారు. కానీ పల్లెలో ఇరుగుపొరుగు అయితే వరస ఉంటుంది: మావయ్య, అత్తయ్య, పిన్ని, బాబాయి, అప్ప, బావ. తెలియని మనిషిని "బావూ" అంటే గౌరవమూ ఉంది, చనువూ ఉంది. "నువ్వు" నుంచి "మీరు"కి మారడం ఒక్కటే చాలు, అలక చూపించడానికి. మూడు గళ్లలో "నువ్వు" అన్న ఆవిడ నాలుగో గడిలో "మీరు చెప్పండి" అంటే, పాఠకుడికి ఇక ఏమీ వివరించక్కర్లేదు.

ఒక బెలూన్‌లో ఎంత రాయొచ్చు?

రెండు చిన్న వాక్యాలు. అంతకు మించితే బొమ్మ చేయాల్సిన పని మాట చేస్తోందని అర్థం.

పంచ్ చివరి గడిలోనే పడాలా?

పడాలని లేదు. మూడో గడిలో పడి, నాలుగో గడి నిశ్శబ్దంగా ఉంటే మర్యాద విషయాలకు ఇంకా బాగుంటుంది. హోటల్లో బిల్లు కోసం ఇద్దరు బావలు లాక్కుంటారు, "నా మీద ఒట్టు" దాకా వెళ్తుంది. మూడో గడిలో వెయిటరు "ఆ మూల టేబుల్ ఆయన కట్టేశారండీ" అంటాడు. నాలుగో గడిలో మాట లేదు: ఇద్దరూ ఆ మూలకి చూస్తున్నారు, ఇద్దరి చేతుల్లోనూ పర్సులు తెరిచే ఉన్నాయి.

## గీసేటప్పుడు

ఎన్ని గళ్లు? ఏ సైజు కాగితం?

నాలుగు గళ్లతో మొదలుపెట్టండి. ఏ4 కాగితం అడ్డంగా పెట్టుకుని పెన్సిల్‌తో గీసి, పైన నల్ల పెన్నుతో దిద్దండి. స్కాన్ చేస్తే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. ఫోన్‌లోనే గీయాలనుకుంటే ఐబిస్ పెయింట్, కంప్యూటర్ అయితే ఉచితంగా దొరికే క్రిటా వాడొచ్చు.

తెలుగు అక్షరాలు బెలూన్‌లో పట్టడం లేదు, ఇరుక్కుపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు అక్షరాలు రాసి, తర్వాత వాటి చుట్టూ బెలూన్ గీయండి. చాలామంది బెలూన్ ముందు గీసేసి అవస్థ పడతారు. తెలుగులో గుడి, దీర్ఘం పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో దిగబడుతుంది. మాట పొడవుగా ఉందని మధ్యలో విరవకండి, చిన్న మాట వెతకండి. ఎవరు ముందు మాట్లాడతారో వాళ్లను ఎడమవైపు నిలబెట్టండి, వాళ్ల బెలూన్ కాస్త పైన ఉండాలి.

చేతిరాత మంచిదా, ఫాంట్ మంచిదా?

మీ చేతిరాత చదవగలిగేలా ఉంటే అదే మంచిది, బొమ్మతో కలిసిపోతుంది. ఫాంటే కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ ఉచితంగా ఉన్నాయి. మనవాళ్ల పేర్లతో గిడుగు, గురజాడ అన్న ఫాంట్లూ అక్కడే దొరుకుతాయి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయిస్తే ఒక జాగ్రత్త: అది ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు, ఆ మాటల్ని ఫోన్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. బొమ్మగా మార్చి ఇమ్మని అడగండి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే ఆప్షన్ పెట్టుకోవాలి.

## నలుగురికీ చూపించేటప్పుడు

ఫోన్‌లో పెట్టడానికి ఎలా మార్చాలి?

అడ్డంగా ఉన్న నాలుగు గళ్లు ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి. గళ్లను రెండు మీద రెండు పేర్చి 1080 బై 1350 పిక్సెళ్ల నిలువు బొమ్మ చేయండి, లేదా గడికో బొమ్మ చొప్పున పెట్టి వేలితో తిప్పుకునేలా చేయండి. రెండో పద్ధతిలో చివరి గడి ముందే కనిపించదు కాబట్టి నవ్వు నిలుస్తుంది. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లోకి మాత్రం ఒక్క బొమ్మగానే పంపండి, విడివిడిగా పంపితే వరస తప్పుతుంది.

జిరాక్స్ తీయించి పంచాలనుంది, బొమ్మ మసిగా వస్తోంది.

బూడిద రంగు షేడింగ్ మానేయండి, జిరాక్స్‌లో అది నల్లటి మరక అవుతుంది. చుక్కలతోనో సన్నగీతలతోనో షేడ్ చేయండి. ఒక ఏ4 కాగితాన్ని మడిచి మధ్యలో ఒక్క కత్తిరింపు పెడితే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. లైబ్రరీలో, టీకొట్లో, స్కూలు నోటీసు బోర్డు దగ్గర పెట్టడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

నేను పెట్టిన ఒక స్ట్రిప్ తన మీదే వేశానని మా చిన్నాన్న అలిగారు. ఇప్పుడేం చేయాలి?

ఇంటికెళ్లి మాట్లాడండి, ఫోన్‌లో కాదు. ఆయన మీద వేసి ఉంటే ఒప్పుకుని, తీసేయమంటే తీసేయండి. ఒక బంధుత్వం కన్నా ఏ స్ట్రిప్పూ ఎక్కువ కాదు. ఇకముందు పాత్రను తయారుచేసేటప్పుడు ఒకరి మీసం, ఇంకొకరి నడక, మూడో మనిషి మాట కలపండి. ఊరి పేరు, ఇంటి రంగు, బండి మోడల్ మార్చండి. పనివాళ్లనీ, చిన్నపిల్లల్నీ, ఒంట్లో లోపం ఉన్నవాళ్లనీ గుర్తుపట్టేలా ఎప్పుడూ గీయకండి, వాళ్లు తిరిగి మాట అనలేరు.

చట్టం సంగతికొస్తే, ఒక మనిషి పరువు తీసేలా బొమ్మ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు వేయొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నది ఇదే.

నా స్ట్రిప్‌ని ఎవరో సంతకం కత్తిరించి వాళ్ల పేజీలో పెట్టేశారు.

బొమ్మ గీసిన క్షణం నుంచే దాని హక్కు మీది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకపోయినా ఆ హక్కు ఉంటుంది, రచయిత పోయాక కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. ముందు మర్యాదగా మెసేజ్ పెట్టి పేరు వేయమనండి, చాలామంది వేస్తారు. వేయకపోతే ఆ యాప్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు చేయండి. తారీఖుతో ఉన్న ఒరిజినల్ కాగితం దాచుకోండి. సంతకాన్ని మూల కాకుండా బొమ్మ లోపల, మంచం కోడు పక్కనో గోడ పగులులోనో పెడితే కత్తిరించడం కుదరదు. అయితే ఐడియాకి కాపీరైట్ లేదు. కర్చీఫ్ సీటు మీద మీరూ వేయొచ్చు, వాళ్లూ వేయొచ్చు.

దీనితో డబ్బులొస్తాయా?

మొదట్లో రావు. పెళ్ళి శుభలేఖ మీద నాలుగు గళ్ల స్ట్రిప్, అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, పార్కింగ్ మర్యాదల పోస్టర్, స్కూళ్లకు వర్క్‌షాపు లాంటివి మెల్లగా అడుగుతారు. అడిగినప్పుడు రేటు ముందే చెప్పండి. "మనవాళ్లే కదా" అన్న మాటతో ఉచితంగా వేయించుకునేవాళ్ల మీద కూడా ఒక మంచి స్ట్రిప్ వస్తుంది.

బడి పిల్లలతో వేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పిల్లల్ని "మంచి అలవాట్లు" వేయమనకండి, అందరూ చెత్తబుట్ట బొమ్మే వేస్తారు. "పెద్దవాళ్లు మీతో చేసే అమర్యాద ఏమిటి?" అని అడగండి. బుగ్గ గిల్లడం, చుట్టాల ముందు పద్యం చెప్పమనడం, మార్కులు అందరి ముందూ అడగడం, తలుపు కొట్టకుండా గదిలోకి రావడం. కాగితాలు చాలవు. గీసినవాటిని గోడకి అంటించి, పేరెంట్స్ మీటింగ్ రోజున తల్లిదండ్రుల్ని ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగి చదవనివ్వండి. పేర్లు మాత్రం కాగితం వెనకవైపు రాయించండి.